ఆరు సెకన్ల కదిలే బొమ్మ: ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్‌కు చిన్న యానిమేషన్లు

(తిరుపతిలో ఇంజనీరింగ్, ఎంసీఏ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మదనపల్లె నుంచి, కుప్పం నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవాళ్లు ఉన్నారని ఇప్పుడే తెలిసింది. అందుకని ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద 'క్ష' ఎలా కొట్టాలో మాటల్లో చెబుతాను, వినండి. కె కీ నొక్కితే క వస్తుంది. డి కీ నొక్కితే పొల్లు చేరి క్ అవుతుంది. షిఫ్ట్ పట్టుకుని కామా కీ నొక్కితే ష వస్తుంది, రాగానే ముందున్న క్‌తో కలిసి క్ష అయిపోతుంది. ఇందులో తప్పేమీ లేదు. అయినా మొదటిసారి తెలుగు టైపు చేసేవాళ్లు చాలామంది రెండో కీ దగ్గరే ఆగిపోతారు. తెర మీద పొల్లు కనబడగానే ఏదో తప్పు కొట్టామనుకుని చెరిపేస్తారు. ఆ క్ అనేది దారిలో వచ్చే రూపం, ఇంకో కీ నొక్కితే మారిపోతుంది అని వాళ్లకు తెలియదు. నాలుగు సెకన్ల యానిమేషన్‌లో ఆ మార్పు జరగడం కళ్లారా చూస్తే ఇక ఆగరు.

ఇంతకన్నా కష్టమైనది ఒకటుంది. 'సాఫ్ట్‌వేర్' అనే మాట రాయాలంటే ట్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పెట్టకపోతే వ కూడా ఒత్తుగా మారి ముందున్న అక్షరాలకు అతుక్కుని 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఇప్పుడు దీన్ని స్క్రీన్‌షాట్‌తో వివరించండి చూద్దాం. ఆ అక్షరమే కనిపించదు కదా, బొమ్మలో ఏం చూపిస్తారు? ముందు ఒక బొమ్మ, తర్వాత ఒక బొమ్మ పెట్టొచ్చు. కానీ రెండింటి మధ్య ఏ క్షణంలో ఏ కీ నొక్కారో, నొక్కగానే తెర మీద ఏమీ మారకపోయినా ఆ తర్వాతి అక్షరం ఎలా వేరుగా నిలబడిందో, అది బొమ్మల మధ్య ఖాళీలో జారిపోతుంది. నేర్చుకోవాల్సిందంతా ఆ ఖాళీలోనే ఉంది.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది దీన్నుంచే మొదలవుతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్‌లో, వాడుక వివరించే పేజీల్లో, చిన్న యానిమేషన్లు పెట్టాలి. మార్పును, క్రమాన్ని, చేతి కదలికను వివరించాల్సిన చోటే పెట్టాలి. పెట్టిన ప్రతిదానితో పాటు దాన్ని మళ్లీ తయారు చేసే పద్ధతి కూడా రిపోజిటరీలోనే, అంటే ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటే ఉండాలి. యానిమేషన్ అలంకారం కింద లెక్క కాదు, సోర్స్‌లో భాగం. కోడ్‌ను ఎలా రాస్తామో, రివ్యూ చేస్తామో, మళ్లీ బిల్డ్ చేస్తామో, దీన్నీ అలాగే చూడాలి.

ముందు 'ఎక్కడ' అన్న సంగతి. కదిలే బొమ్మ ఎప్పుడూ మెరుగనే నమ్మకం చాలామందిలో ఉంది. పరిశోధన అలా చెప్పలేదు. బార్బరా ట్వర్‌స్కీ, జూలీ మోరిసన్, మిరేయ్ బెట్రాన్‌కూర్ అనే ముగ్గురు 2002లో, అప్పటిదాకా యానిమేషన్‌నూ స్థిరమైన బొమ్మలనూ పోల్చిన అధ్యయనాలను తిరగేసి చూశారు. యానిమేషన్ గెలిచినట్టు కనబడిన చాలా చోట్ల, అందులో స్థిరమైన బొమ్మల్లో లేని అదనపు సమాచారం ఉండటమో, చూసేవాళ్లకు దాన్ని నడిపించే వీలు ఉండటమో కారణమని తేల్చారు. వాళ్లు చెప్పిన సూత్రాలు రెండు. బొమ్మ నిర్మాణం, మనం వివరించే విషయపు నిర్మాణం ఒకదానికొకటి సరిపోవాలి. బొమ్మలో జరిగేది కంటికి, బుద్ధికి అందే వేగంలో ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా కదలిక అడ్డమే అవుతుంది.

కదలకుండా కథ చెప్పడం ఎంత దూరం వెళ్లగలదో మన జిల్లాలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం మీద రామాయణం మొత్తం గడులు గడులుగా ఉంటుంది, గడి పక్కన ఒక తెలుగు పంక్తి. చూసేవాళ్లు తమకు కావాల్సిన గడి దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు, వెనక్కి వెళ్లొచ్చు. ఇన్‌స్టాల్ చేసే క్రమానికి, సెట్టింగులు మార్చే క్రమానికి ఇదే సరైన పద్ధతి. నాలుగు బొమ్మలు, నాలుగు వాక్యాలు చాలు. 'ఫైల్ మెనూ తెరిచి ఎక్స్‌పోర్ట్ నొక్కండి' అనడానికి యానిమేషన్ పెడితే, ఒక వాక్యంలో దొరికే సంగతి కోసం పాఠకులను ఆరు సెకన్లు కూర్చోబెట్టినట్టు. అదీ లూప్‌లో తిరుగుతూ పక్కనున్న పేరాను చదవనివ్వదు.

మరి ఎక్కడ పెట్టాలి? బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో వంపు గీతకు ఉన్న పిడిని లాగితే గీత ఎలా వంగుతుందో, అక్కడ. లెక్కల పట్టికలు చేసే లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో పివట్ టేబుల్ తయారు చేసేటప్పుడు ఒక ఫీల్డును వరుసల గడిలోంచి నిలువు వరుసల గడిలోకి లాగడం, అక్కడ. ఫోటోలు దిద్దే గింప్‌లో, ఒకచోటి బొమ్మను ఇంకోచోటికి దింపే క్లోన్ టూల్ వాడేటప్పుడు కంట్రోల్ పట్టుకుని ఒకచోట నొక్కి, వదిలి, ఇంకోచోట పూయడం, అక్కడ. వీటన్నిటిలో చేతి కదలిక ఉంది, ఒకటి జరుగుతుండగా ఇంకొకటి మారడం ఉంది. దీన్ని వాక్యాల్లో పెడితే వాక్యాలు పొడుగవుతాయి తప్ప స్పష్టత రాదు.

ఇంకో రకం ఉంది. తెర మీద జరిగేదాన్ని రికార్డు చేయడం కాకుండా, లోపల జరిగేదాన్ని బొమ్మగా గీయడం. గిట్ అంటే కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం. దాచిన ఒక్కో మార్పు ఒక కమిట్, కమిట్ల వరుస ఒక కొమ్మ, ఒక కొమ్మ మీది మార్పులను ఇంకో కొమ్మ చివర మళ్లీ పెట్టడం రీబేస్. ఈ రీబేస్ దీనికి మంచి ఉదాహరణ, హెచ్చరిక కూడా. ఇంటర్నెట్‌లో రీబేస్ మీద కనబడే చాలా యానిమేషన్లలో కమిట్ల గుండ్రాలు ఒక కొమ్మ మీంచి లేచి వెళ్లి ఇంకో కొమ్మ చివర కూర్చుంటాయి. చూడటానికి బాగుంటుంది కానీ జరిగేది అది కాదు. గిట్ ఏ కమిట్‌నూ కదిలించదు. అందులోని మార్పులను తీసుకుని కొత్త చోట కొత్త కమిట్ తయారు చేస్తుంది, దానికి కొత్త హ్యాష్, అంటే కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది. పాత కమిట్ పాత చోటే ఉంటుంది, రెఫ్‌లాగ్ అనే గిట్ చిట్టాలో వెతికితే దొరుకుతుంది. గుండ్రం 'కదిలింది' అని చూసినవాళ్లు, రీబేస్ చెడిపోయినప్పుడు తమ పని పోయిందనుకుని కంగారు పడతారు. పాత గుండ్రం మసకబారి అక్కడే ఉండిపోవాలి. కొత్తది కొత్త హ్యాష్‌తో కొమ్మ చివర పుట్టాలి. బొమ్మ గీసేవాళ్లకు ఇది చిన్న తేడా, చూసేవాళ్లకు ఇది రీబేస్ మొత్తం. అందుకే అంటున్నాను, యానిమేషన్‌ను కూడా ఆ సాఫ్ట్‌వేర్ తెలిసిన ఇంకొకరు కూర్చుని రివ్యూ చేయాలి. అందంగా ఉందా అని చూడటంతో సరిపెట్టకూడదు, నిజం చెబుతోందా అని చూడాలి. తప్పు వాక్యాన్ని పాఠకులు అనుమానిస్తారు. కళ్లముందు జరిగినదాన్ని అనుమానించరు.

ఇప్పుడు తయారీకి వద్దాం. జిఫ్ అనే బొమ్మల ఫార్మాట్‌ను 1987లో కంప్యూసర్వ్ అనే సంస్థ తెచ్చింది. 1989లో వచ్చిన రూపంలో ఫ్రేమ్‌కు ఫ్రేమ్‌కు మధ్య ఎంతసేపు ఆగాలో చెప్పే వీలు చేరింది. బొమ్మ మళ్లీ మళ్లీ తిరగడమనేది నెట్‌స్కేప్ బ్రౌజర్ తర్వాత చేర్చిన ఏర్పాటు. దీని కుదింపు పద్ధతి ఎల్‌జడ్‌డబ్ల్యూ మీద యూనిసిస్‌కు పేటెంట్ ఉండేది. ఆ గొడవలోంచే పీఎన్‌జీ అనే ఇంకో బొమ్మల ఫార్మాట్ పుట్టింది, 1996లో ప్రమాణంగా వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి జిఫ్‌ను దూరం పెట్టారు. అమెరికాలో ఆ పేటెంట్ 2003లో తీరిపోయింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏ ఫార్మాట్‌లో పెడతాం అనేది ఓపెన్ సోర్స్‌లో ఎప్పుడూ విలువల ప్రశ్న కూడా.

ఇప్పుడు జిఫ్‌తో ఉన్న చిక్కు పేటెంట్ కాదు, బరువు. లెక్క వేసుకుందాం. 1280 × 720 తెర అంటే 9,21,600 పిక్సెళ్లు. జిఫ్‌లో ఒక ఫ్రేమ్‌కు 256 రంగులే కాబట్టి పిక్సెల్‌కు ఒక బైటు. సెకనుకు 10 ఫ్రేముల చొప్పున 6 సెకన్లంటే 60 ఫ్రేములు. కుదించక ముందు 5 కోట్ల 50 లక్షల బైట్లు దాటింది, అంటే 55 ఎంబీ. వెడల్పు, ఎత్తు సగం చేస్తే నాలుగో వంతుకు, 14 ఎంబీ లోపుకు దిగుతుంది. ఆ తర్వాత కుదింపు. ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య మారిన భాగాన్ని మాత్రమే దాచుకోవడం జిఫ్‌కు చేతనవును. కాని 'ఈ ముక్క పది పిక్సెళ్లు పైకి జరిగింది' అని చెప్పడం దానికి రాదు. వీడియో ఫార్మాట్లకు అది వచ్చు. కాబట్టి జిఫ్‌లో పేజీ స్క్రోల్ చేశారంటే ప్రతి ఫ్రేములో తెర మొత్తం మారినట్టే, ఫైలు ఉబ్బిపోతుంది. జిఫ్ తీస్తుంటే స్క్రోల్ చేయకండి. కిటికీని ముందే సరైన చోట తెరిచి ఉంచుకోండి.

తెర మొత్తం రికార్డు చేసి తర్వాత చిన్నది చేయడం కూడా వద్దు. ఇంగ్లీషు అక్షరాలు సగానికి తగ్గినా ఎలాగో చదవొచ్చు. తెలుగులో ఒత్తులు చిన్నవి, పంక్తి కింద ఉంటాయి. సగానికి కుదిస్తే క్తకూ క్రకూ తేడా తెలియదు. 256 రంగుల్లోకి దిగేటప్పుడు అంచుల నునుపు కూడా పోతుంది. పనికొచ్చే చిన్న భాగాన్నే, అసలు సైజులోనే రికార్డు చేయండి, ఫాంటు కాస్త పెద్దది పెట్టుకోండి. వీడియోను జిఫ్‌గా మార్చేటప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాధనంలో పాలెట్‌జెన్, పాలెట్‌యూజ్ అని రెండు ఫిల్టర్లు ఉన్నాయి. మొదటిది మీ వీడియోలోని రంగులను చూసి సరిపోయే 256 ఎంచుతుంది, రెండోది వాటితో జిఫ్ చేస్తుంది. ఈ రెండు అంచెలు వాడితే అదే జిఫ్ చాలా శుభ్రంగా వస్తుంది.

మీ సొంత డాక్యుమెంటేషన్ సైటు అయితే జిఫ్ కన్నా వెబ్ఎమ్ వీడియో మేలు. 2010లో గూగుల్ రాయల్టీ లేకుండా విడుదల చేసిన ఫార్మాట్ అది. వీడియో ట్యాగ్‌లో ఆటోప్లే, మ్యూటెడ్, లూప్, ప్లేస్‌ఇన్‌లైన్ అనే నాలుగు మాటలు పెడితే జిఫ్ లాగే నడుస్తుంది, కంట్రోల్స్ అని చేరిస్తే ఆపుకునే బటన్ కూడా వస్తుంది. ప్లేస్‌ఇన్‌లైన్ మర్చిపోతే ఐఫోన్‌లో బొమ్మ పేజీలో ఇమడకుండా తెరంతా పరుచుకుంటుంది. ఇక రీడ్‌మీల్లో, అంటే ప్రాజెక్టును పరిచయం చేసే మొదటి పేజీల్లో, జిఫ్ ఇంకా బతికి ఉండటానికి కారణం ఒకటే, బొమ్మ పెట్టగలిగిన ప్రతిచోటా అది తెరుచుకుంటుంది.

వేగం సంగతి రెండు మాటల్లో చెబుతాను. మొదట ఒక సెకను ఏమీ కదలకూడదు, కంటికి ఎక్కడ చూడాలో తెలియాలి. చివర రెండు సెకన్లు ఫలితం నిలబడాలి. మౌస్ బాణం నేరుగా, నెమ్మదిగా వెళ్లాలి. బటన్ కోసం వెతుకుతూ తిరగకూడదు. స్క్రీన్‌కీ లాంటి సాధనంతో నొక్కిన కీలు తెర మీద కనబడేలా పెట్టుకోవచ్చు, అయితే అది నడుస్తుండగా పాస్‌వర్డ్ కొడితే అదీ కనబడుతుంది. రికార్డు చేయడానికి విడిగా ఒక యూజర్ అకౌంటు పెట్టుకోండి. మీ మెయిల్ నోటిఫికేషను, మీ అమ్మగారి వాట్సాప్ మెసేజీ, ఒక పబ్లిక్ రిపోజిటరీ చరిత్రలోకి ఎక్కితే దాన్ని పూర్తిగా తీసేయడం చాలా కష్టం.

చరిత్ర అన్నాను కదా, ఇక అసలు విషయం. గిట్‌లో టెక్స్ట్ ఫైలు మారితే, తేడా చిన్నది గనుక చివరికి కొంచెమే చోటు పడుతుంది. జిఫ్ ముందే కుదించిన ఫైలు, అందులో చిన్న మార్పు చేసినా దాదాపు కొత్త ఫైలు కిందే లెక్క. 2 ఎంబీ జిఫ్‌ను 20 సార్లు మారిస్తే, ఆ ప్రాజెక్టును క్లోన్ చేసే, అంటే చరిత్రతో సహా దించుకునే ప్రతి మనిషీ 42 ఎంబీ మోయాలి, అందులో 40 ఎంబీ ఎవరికీ అక్కర్లేని పాత బొమ్మలు. హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద క్లోన్ చేసేవాళ్లకు ఇది ఎంత బాధో మీకు నేను చెప్పాలా? పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ పెడితే ఫైలు బదులు దాని గుర్తు మాత్రమే రిపోజిటరీలో ఉంటుంది, భారం కొంత తగ్గుతుంది. కానీ అది బరువు సమస్యకే జవాబు. పాతబడటం అనే సమస్య అలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో బటన్ జాగా మారుతుంది. బొమ్మ చేసిన మనిషి చదువు అయిపోయి ఉద్యోగంలో చేరి ఉంటాడు. ఆ బొమ్మను ఏ ఫాంటుతో, ఏ సైజులో, ఏ నమూనా ఫైలుతో చేశాడో ఎవరికీ తెలియదు. మెయింటెయినర్, అంటే ప్రాజెక్టును చూసుకునే మనిషి ముందు ఇక రెండే దారులు, తప్పు బొమ్మను ఉంచడం, లేదా తీసేయడం. చాలామంది మెయింటెయినర్లు యానిమేషన్ అంటే వెనకాడటానికి కారణం ఇదే. వాళ్లు వెనకాడటం న్యాయమే.

అందుకే పద్ధతిని దాచమంటున్నాను. టెర్మినల్ సాఫ్ట్‌వేర్‌కు, అంటే కమాండులు టైపు చేసి నడిపేదానికి, ఇది ఇప్పుడు సులువు. యాస్కినీమా అనే సాధనం టెర్మినల్‌ను వీడియోగా తీయదు. ఏ సమయానికి ఏ అక్షరాలు తెర మీదకు వచ్చాయో టెక్స్ట్‌గా రాసుకుంటుంది. ఆ ఫైలును ఎడిటర్‌లో తెరిచి చదవొచ్చు, తేడాలు చూడొచ్చు, ప్లేయర్‌లో నడుస్తుండగా కమాండును సెలెక్ట్ చేసి కాపీ చేసుకోవచ్చు. వీహెచ్ఎస్ అనే ఇంకో సాధనం ఒక అడుగు ముందుకు వేసింది. అందులో మీరు రికార్డు చేయరు, టేపు అనే చిన్న స్క్రిప్టు రాస్తారు. ఇది టైపు చెయ్యి, ఎంటర్ కొట్టు, రెండు సెకన్లు ఆగు, ఫలానా జిఫ్‌లో దాచు, అంతే. పదిహేను పంక్తుల ఫైలు. వెర్షన్ మారితే ఆ స్క్రిప్టును మళ్లీ నడిపితే కొత్త బొమ్మ వస్తుంది. రిపోజిటరీలో టేపు ఉంచి, జిఫ్‌ను బిల్డ్ సమయంలో తయారు చేసుకుంటే చరిత్ర బరువెక్కే బాధ కూడా లేదు.

బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ అయితే ప్లేరైట్ ఉంది. టెస్టింగ్ కోసం చేసిన సాధనం, స్క్రిప్టు ప్రకారం బ్రౌజర్‌ను నడుపుతుంది, నడిపినదాన్ని వీడియోగా దాచమంటే దాస్తుంది. ఇక్కడ ఒక గొప్ప లాభం ఉంది. మీ స్క్రిప్టు 'ఎగుమతి' అనే బటన్ నొక్కాలి, కొత్త వెర్షన్‌లో ఆ బటన్ లేదు, స్క్రిప్టు అక్కడే ఆగి ఎర్రర్ ఇస్తుంది. అంటే ఆ పేజీ పాతబడిందని ఏడాది తర్వాత ఎవరో విసుక్కుని చెప్పేదాకా ఆగక్కర్లేదు, కొత్త కోడ్ చేరినప్పుడల్లా స్క్రిప్టు నడిపితే ఆ రోజే తెలిసిపోతుంది. స్క్రీన్‌షాట్‌కు, వాక్యానికి లేని శక్తి ఇది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి కూడా ఇదే.

లోపలి సంగతులను గీసే బొమ్మలకు, ఇందాకటి రీబేస్ లాంటివాటికి, ఎస్‌వీజీ అనే బొమ్మల ఫార్మాట్ వాడండి. అది టెక్స్టే. వెబ్ పేజీల రూపం చెప్పే సీఎస్‌ఎస్‌తో కదిలించొచ్చు, మామూలు బొమ్మలా పేజీలో పెట్టినా కదులుతుంది, ఎంత పెద్దది చేసినా చెదరదు. గణితం ఎక్కువున్న చోట మానిమ్ ఉంది, పైథాన్‌లో రాస్తే యానిమేషన్ ఇస్తుంది.

ఇక తెలుగు. పద్ధతి దాచిపెట్టడం వల్ల వచ్చే అసలు ఫలం ఇక్కడ కాస్తుంది. మాట లేని యానిమేషన్ ఏ భాషవాళ్లకైనా అర్థమవుతుందని అంటుంటారు. కొంతవరకు నిజం. కానీ ఆ తెర మీద మెనూలన్నీ ఇంగ్లీషులో ఉంటే, లిబ్రెఆఫీస్‌ను తెలుగులో పెట్టుకున్న పంచాయతీ కార్యాలయం ఉద్యోగికి ఆ బొమ్మలో కనిపించేదొకటి, తన ముందున్నదొకటి. చేత్తో రికార్డు చేసిన బొమ్మను ఇరవై భాషల్లో మళ్లీ రికార్డు చేసే ఓపిక ఏ ప్రాజెక్టుకూ లేదు. స్క్రిప్టు ఉంటే భాష అనేది ఒక సెట్టింగు. ప్లేరైట్‌లో లొకేల్ తెలుగు అని చెప్పి మళ్లీ నడపడమే. ఒక్క జాగ్రత్త, బటన్‌ను దాని ఇంగ్లీషు పేరుతో వెతకమని రాస్తే తెలుగులో దొరకదు, పేరు మారినా మారని ఐడీతో వెతకమని రాయాలి. ఇక స్ఫింక్స్ అనే సాధనంతో డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకు ఒక సదుపాయం ఇప్పటికే ఉంది. బొమ్మ పేరు చివర ఎక్స్‌టెన్షన్ ముందు భాష కోడ్ చేర్చిన ఫైలు ఒకటి పక్కన ఉంటే, తెలుగు పేజీలు బిల్డ్ అయ్యేటప్పుడు దాన్నే తీసుకుంటుంది, లేకపోతే మామూలుదాన్ని పెడుతుంది. అంటే ఇవాళ ఒక్క బొమ్మ తెలుగులో చేసినా చాలు, మిగతావి తర్వాత చేసుకోవచ్చు, ఏ పేజీ విరగదు. ఎస్‌వీజీలో అయితే ఒకే ఫైలులో రెండు మూడు భాషల మాటలు ఉంచి, చదివేవారి బ్రౌజర్ భాషను బట్టి చూపించే ఏర్పాటు ప్రమాణంలోనే ఉంది.

టెర్మినల్‌లో తెలుగు మాత్రం ఇప్పటికీ ఇబ్బందే. టెర్మినల్ ప్రతి అక్షరానికీ సమాన వెడల్పు గడి ఇస్తుంది. మన గుణింతాలు, ఒత్తులు ఆ గడుల్లో ఇమడవు, చాలా టెర్మినళ్లలో విడిపోతాయి. కాబట్టి టెర్మినల్ బొమ్మలో కమాండు ఇంగ్లీషులో ఉండనిచ్చి, తెలుగు వివరణను బొమ్మ కింద పేజీలో రాయండి.

బొమ్మ కింద రాయండి అన్నానే, అది తెలుగుకే కాదు, అన్నిటికీ. కదిలే బొమ్మలో ఉన్న ప్రతి అడుగూ పేజీలో వాక్యంగా కూడా ఉండాలి. తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదివేవాళ్లు ఉన్నారు. వెతికేటప్పుడు సెర్చ్‌కు దొరికేది వాక్యమే. డేటా అయిపోయి బొమ్మ తెరుచుకోని ఫోను ఉంటుంది. పీడీఎఫ్‌గా ప్రింటు తీసుకునే కాలేజీ ల్యాబు ఉంటుంది. వీళ్లందరికీ వాక్యాలే దిక్కు. వాక్యాలు ముందు రాసి, అవి చాలని చోట యానిమేషన్ పెట్టే అలవాటు చేసుకుంటే ఈ చిక్కే రాదు.

కదలిక చూస్తే తల తిరిగేవాళ్లు, వికారం వచ్చేవాళ్లు నిజంగా ఉన్నారు. వాళ్లు తమ ఫోనులో, కంప్యూటర్‌లో 'కదలికలు తగ్గించు' అని పెట్టుకుంటారు. బ్రౌజర్ ఆ సంగతి మీ పేజీకి చెబుతుంది, ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్ అనే మీడియా క్వెరీతో. పిక్చర్ ట్యాగ్‌లో ఆ షరతు పెట్టి, అది నిజమైనప్పుడు జిఫ్ బదులు కదలని పీఎన్‌జీ చూపించడానికి పట్టేది ఒక్క పంక్తి. వెబ్ అందుబాటు మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీలో 2008 నుంచీ ఉన్న నియమం ఇంకొకటి. తనంతట తానే మొదలై, మిగతా పేజీతో పాటు 5 సెకన్లకు మించి కదిలేది ఏదైనా, ఆపుకునే వీలు చదివేవాళ్లకు ఉండాలి. లూప్‌లో తిరిగే జిఫ్ ఎంత చిన్నదైనా ఆగదు గనుక ఈ నియమం దానికీ వర్తిస్తుంది. సెకనుకు మూడు సార్లకు మించి మెరుపులు ఉండకూడదు, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ల కోసం పెట్టిన నియమం అది. ఇవి పాటించడం దయ చూపించడమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఓపెన్ అని పేరు పెట్టుకున్నాక అందరికీ తెరిచి ఉండాలి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: సార్, మేమిప్పుడు ఒక ప్రాజెక్టుకు జిఫ్‌లు చేసి, కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పంపితే తీసుకుంటారా?)

నేరుగా పంపకండమ్మా. ముందు ఆ ప్రాజెక్టు ఇష్యూల్లో, అంటే సమస్యలు చర్చించే చోట, కొత్తది ఒకటి తెరిచి, ఫలానా పేజీలో ఫలానా పని దగ్గర కొత్తవాళ్లు ఆగిపోతున్నారు, ఇక్కడ ఒక యానిమేషన్ పెట్టొచ్చా అని అడుగు. ఆ పని మీద వాళ్ల ఫోరంలో పదే పదే వచ్చిన ప్రశ్నలు ఉంటే వాటి లింకులు పెట్టు. అన్నిటికన్నా బలమైన వాదన అదే. సరే అన్నాక ఒకే ఒక్క బొమ్మ, దాని స్క్రిప్టు, ఎలా నడపాలో మూడు పంక్తులు, బొమ్మ కనబడనివాళ్ల కోసం ఆల్ట్ టెక్స్ట్ అనే వివరణ, కింద వాక్యాలు, ఇవన్నీ కలిపి పంపు. ఇరవై బొమ్మలు ఒకేసారి పంపితే రివ్యూ చేసే మనిషి భయపడతాడు. వాళ్లూ మనలాగే తీరిక వేళల్లో పని చేసేవాళ్లు.

(ప్రశ్న: తెలుగులో మాటలు రికార్డు చేసి, గొంతుతో వీడియో పెడితే ఇంకా బాగుంటుంది కదండీ?)

పాఠం చెప్పడానికి బాగుంటుంది బాబూ, చెయ్యి కూడా. కానీ అది వేరే పని. డాక్యుమెంటేషన్ పేజీకి వచ్చినవాళ్లు పని మధ్యలో చిక్కుకుని వచ్చి ఉంటారు. వాళ్లకు కావలసింది ఆ ఒక్క అడుగు, దాన్ని చూసి వెంటనే వెనక్కి వెళ్లాలి. పైగా గొంతుతో ఉన్న వీడియోలో ఒక మెనూ పేరు మారితే మొత్తం మళ్లీ చెప్పాలి, సబ్‌టైటిళ్లు మళ్లీ రాయాలి. పేజీలో మూగ బొమ్మ ఉంచి, పెద్ద పాఠం వీడియోకు కింద లింకు ఇవ్వు.

(ప్రశ్న: లైసెన్స్ ఏం పెట్టాలి?)

ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌కు ఏ లైసెన్స్ ఉందో అదే. దాన్ని వికీమీడియా కామన్స్ అనే స్వేచ్ఛా బొమ్మల భాండాగారంలోనూ పెడితే తెలుగు వికీపీడియా వ్యాసాల్లో కూడా వాడుకోవచ్చు. అక్కడ ఎంపీ4 తీసుకోరు, వెబ్ఎమ్, జిఫ్, ఎస్‌వీజీ తీసుకుంటారు. ఒక సంగతి చూసుకో, నీ బొమ్మలో వాడిన నమూనా ఫోటో, ఫాంటు, పక్కన తెరిచి ఉన్న వాల్‌పేపర్ కూడా స్వేచ్ఛగా వాడదగ్గవే అయి ఉండాలి.

భోజనాల తర్వాత ఇదే హాల్లో ప్రాక్టికల్ మొదలుపెడదాం. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, వీహెచ్ఎస్ దించుకుని ఉంచండి, లేనివాళ్లు పక్కవాళ్లతో జత కట్టండి. ఒక్కో జంట మీరు రోజూ వాడే కమాండు ఏదైనా ఒకటి ఎంచుకుని, దానికి ముందు కాగితం మీద వాక్యాలు రాసుకుని రండి.